సైరన్ కాయితం ఎవరిది

ఒక మాట చెప్పాల్సిన చోట నేను చెప్పలేదు. ఒకసారి కాదు, రెండుసార్లు. పెద్ద మాటేం కాదు. "ఆ కాయితం ఎస్తేరుది" అంటే సరిపోయేది. అనకపోవడం వల్ల నాకు పేరొచ్చింది. ఎస్తేరుకేమో గురువు చేసిన పనిని తనదని చెప్పుకున్న మనిషి అని చెడ్డపేరు వచ్చింది.

నేను ఖరగ్‌పూర్‌లో ఒక కాలేజీలో ఇరవై ఏళ్లు ఎకనామిక్స్ చెప్పాను. అందులో సగానికి పైగా ఉమెన్స్ స్టడీస్ కూడా చెప్పాను. మా ఆవిడ రైల్వే ఆసుపత్రిలో నర్సు. ఆమెకు వాల్తేరు బదిలీ అయినప్పుడు నేను ఉద్యోగం నుంచి స్వచ్ఛందంగా విరమణ తీసుకుని వెంట వచ్చేశాను. నలభై ఎనిమిదేళ్లకే ఇంట్లో కూర్చున్నాడని మావాళ్లు నొచ్చుకున్నారు. అన్నేళ్లు ఆ సబ్జెక్టు చెప్పినవాణ్ణి, ఆమాత్రం చెయ్యకపోతే ఎలా అనుకున్నాను.

ఈ మధ్య ఈ కోర్సులో చేరే పిల్లలు, దీన్ని చెప్పబోయే కుర్ర లెక్చరర్లు ఉత్తరాలు రాస్తున్నారు. ఏ పుస్తకాలు చదవాలి అని అడుగుతున్నారు. పుస్తకాల జాబితా ఎవరైనా ఇస్తారు. నేను ఎక్కడ తప్పు చేశానో మాత్రం నేనే చెప్పాలి.

ఒకే గది

మా కాలేజీలో ఈ సబ్జెక్టు ఎనభైల చివర్లో ఒక్క పేపరుగా మొదలైంది. మొదలుపెట్టింది మాలతీ దీదీ. హిస్టరీ లెక్చరర్. సన్నగా, పొడుగ్గా ఉండేది. నవ్వితే ఎదుటివాళ్లు జాగ్రత్త పడేవాళ్లు. హిస్టరీ, ఎకనామిక్స్, సాహిత్యం, న్యాయశాస్త్రం చెప్పేవాళ్లం నలుగురం, ఊళ్లోని ఒక లేడీ డాక్టరు, ఇంతే మా బలగం. మాకు ఇచ్చింది ఒక్క గది. చెక్కలతో ఐదు భాగాలు చేయించమని దీదీ తప్ప అందరం అడిగాం.

"గోడలు కట్టుకోవడానికి మీ మీ డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి కదా, ఇక్కడికెందుకు వచ్చారు?" అంది దీదీ.

మొదటి వారం ఆమె బోర్డు మీద ఒక్క ప్రశ్న రాసింది. 'ఇంట్లో అందరికన్నా ఆఖరున తినేది ఎవరు? ఎందుకు?' మిగతా నలుగురం పిల్లల ముందే జవాబు చెప్పాలి. డాక్టరుగారు రక్తహీనత గురించి చెప్పారు. లాయరు దీనికి సెక్షన్ లేదన్నాడు. సాహిత్యం ఆయన అమ్మల పాటలు చెప్పాడు. నేను రేషన్ గురించి, మగవాడి కూలీ గురించి బోర్డు నింపేశాను. అంతా అయ్యాక దీదీ పిల్లల వైపు తిరిగింది.

"వీళ్లలో ఎవరూ తప్పు చెప్పలేదు. కానీ ప్రతి ఒక్కరూ తనతో జవాబు పూర్తయిపోయిందనుకుని కూర్చున్నారు. చూశారా?"

చాలా సబ్జెక్టులు కలిపి చదవడమంటే నాకు తెలిసినంతలో ఇదే. తనకు తెలియనిది ఉందని పక్కవాడి ముందు ఒప్పుకోవాలి. చెప్పడానికి సులువుగానే ఉంటుంది. ఇరవై ఏళ్ల సర్వీసులో నాకు పట్టుబడనిది అదే.

ఇంకో సంగతి. ఈ సబ్జెక్టులో మగవాడికి చప్పట్లు చౌకగా దొరుకుతాయి. దీదీ రెండు గంటలు మాట్లాడితే "బాగానే ఉంది" అనేవాళ్లు, నేను పది నిమిషాలు మాట్లాడితే "నాయుడుబాబు ఎంత విశాల హృదయుడు" అని చేతులు కలిపేవాళ్లు. నాకు బాగుండేది. బాగుండటం అలవాటైంది. అక్కణ్ణుంచే నేను చెడ్డాను.

బయట మాత్రం వేరేగా ఉండేది. రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టరుగా చేసే సింహాచలం చిన్నప్పుడు నాతో చదువుకున్నాడు. మా తెలుగువాళ్లుండే న్యూ సెటిల్‌మెంట్‌లో టీ కొట్టు దగ్గర నన్ను చూస్తే వదిలేవాడు కాదు.

"ఏటి మేస్టారూ, ఆడోళ్ల సదువు సెప్తన్నావంట. అట్లు పొయ్యడం కూడా పరీచ్చలో ఇస్తారేటి?"

"ఇస్తే నువ్వు తప్పుతావురా."

"నానెందుకు తప్పుతాను, మా ఆడది రాసి పెడతాది." చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి.

సున్నాలు

మొదటి ఏడాది మేం ఐదుగురం కలిసి ఒక ప్రశ్నల పత్రం తయారుచేశాం. రైల్వే క్వార్టర్లలో, చుట్టుపక్కల వీధుల్లో ఆడవాళ్లు రోజంతా చేసే పని ఎంత అన్నది తెలుసుకోవాలని. ఎనభై పైచిలుకు ప్రశ్నలు. పని గంటల భాగం నాది. ఇంగ్లీషులో రాసి తెలుగులోకి నేనే మార్చాను. 'మీరు రోజుకు ఏయే పనులు, ఎన్ని గంటలు చేస్తారు?'

పిల్లలు రెండు వారాలు తిరిగి కాయితాలు తెచ్చారు. దాదాపు అన్నింటిలోనూ ఒకటే జవాబు. "ఏటీ లేదమ్మా, ఇంట్లోనే." నిబంధన ప్రకారం అలాంటి జవాబుకి పని గంటల దగ్గర సున్నా వెయ్యాలి. ఆ నిబంధన కూడా నాదే. వరసగా సున్నాలు వేసుకుంటూ పోయాను.

ఎస్తేరు ఆ బ్యాచ్ విద్యార్థిని. క్వార్టర్ల పక్కనే ఝపటాపూర్‌లో ఇల్లు. తండ్రి పోయాక తల్లి సంతోషమ్మ గారు వర్క్‌షాప్‌లో పనిచేసే ఒంటరి మగవాళ్లకు కేరేజీలు వండి పంపేవారు. ఎస్తేరు తక్కువ మాట్లాడేది. ఆ రోజు నా బల్ల ముందుకొచ్చి కట్టలోంచి ఒక కాయితం తీసి పెట్టింది.

"మేస్టారూ, ఇది మా అమ్మ కాయితం. మా అమ్మకి సున్నా ఏసినారు."

"ఆవిడే పని లేదని చెప్పారమ్మా."

"గంటలడిగితే మరేటి సెప్తాది? మా వంటింట్లో గడియారం నేదు. మీ అమ్మగారింట్లో ఉండేదా?"

ఉండేది కాదు. నేను న్యూ సెటిల్‌మెంట్ క్వార్టర్‌లో పుట్టినవాణ్ణి, ఫిట్టరు కొడుకుని. మా ఇళ్లకు గడియారం వర్క్‌షాప్ సైరనే. నిద్ర లేపేది ఒకటి, గేటు మూసేది ఒకటి, మధ్యాహ్నం అన్నానికి వదిలేది ఒకటి, మళ్లీ లోపలికి పిలిచేది ఒకటి, సాయంత్రం ఇంటికి పంపేది ఒకటి. మా అమ్మ ఎసరు పెట్టడం, నన్ను బడికి తరమడం, అన్నీ దాన్ని బట్టే. బయటినుంచి వచ్చినవాడికి ఈ సంగతి తెలియకపోతే తప్పులేదు. నేను ఆ కూతకే కళ్లు తెరిచి పెరిగి, ఇంగ్లీషులో ఆలోచించి, మా అమ్మలాంటి వాళ్లను గంటలు అడిగాను. వాళ్లు ఏటీ లేదంటే సున్నా వేశాను.

నాలుగు రోజుల తర్వాత ఎస్తేరు పాత కేలండర్ వెనక గీసిన ఒక కాయితం తెచ్చింది. గంటలు లేవు. పైన ఐదు సైరన్లు వరసగా రాసి ఉన్నాయి. కింద ఒక్కటే ప్రశ్న. 'ఈ సైరన్ కూసేటప్పటికి మీ చేతిలో ఏటున్నాది?'

దీదీకి చూపించాను. "ఇదే పట్టుకెళ్లండి" అంది.

ఈసారి పిల్లలకు కాయితాలు చాలలేదు. మొదటి సైరన్‌కి బొగ్గుల పొయ్యి విసిరే విసనకర్ర. రెండోదానికి కేరేజీ మూత, ఇంకో చేతిలో పిల్ల జడ. మూడోదానికి అత్తగారి పథ్యం గిన్నె. నాలుగోదానికి తడిబట్టలు. మొదటి సైరన్‌కి ముందు ఏముందో చెప్పడానికి అందులో గడి లేదని ఆడవాళ్లే పోట్లాడారు. ఎస్తేరు అంచున ఇంకో గీత గీసింది.

తెలుగు బడి హాల్లో

ఎవరి దగ్గర అడిగామో వాళ్లకే ఫలితాలు చదివి వినిపించాలన్నది దీదీ పెట్టిన పద్ధతి. మిగతా సబ్జెక్టుల్లో ఇది లేదు. ఈ సబ్జెక్టులో చేరే వాళ్లెవరూ దీన్ని వదలొద్దు.

న్యూ సెటిల్‌మెంట్ తెలుగు బడి హాలు ఆదివారం మధ్యాహ్నం ఆడవాళ్లతో నిండిపోయింది. మగవాళ్లు గుమ్మాల దగ్గర నిలబడ్డారు. ఎస్తేరు చదువుతోంది. సింహాచలం భార్య గౌరమ్మ మధ్యలో లేచింది.

"నా కాయితంలో నాలుగో సైరనుకి సేతిలో ఏటీ లేదని రాసినారు. తప్పది. ఇసనకర్ర ఉంటాది. ఆయన బువ్వ తింటంటే ఇసురుతాను."

గుమ్మం దగ్గర్నుంచి సింహాచలం, "నానేటి ఇసరమన్నానా?" అన్నాడు.

"అన్నేదు. సాల్లే, మానీమని కూడా అన్నేదు కదా."

హాలు హాలంతా నవ్వింది. సింహాచలం పక్కనున్నవాడు అతని వీపు చరిచాడు. ఎస్తేరు పెన్ను తీసి అందరి ముందూ గౌరమ్మ కాయితం దిద్దింది. ఆ రోజు ఇంటికి నడిచి వస్తుంటే నాకు గర్వంతో కాళ్లు నేల మీద నిలవలేదు. ఇంతకాలం 'ఏటీ లేదు' అన్నవాళ్లు తమ పని కోసం, ఒక విసనకర్ర కోసం, లేచి నిలబడి వాదించారు. నా ఉద్యోగంలో అంతకన్న గొప్ప రోజు మరొకటి లేదు. ఆ గొప్ప నాది కాదన్నది అప్పటికి నాకు ఇంకా గుర్తుండేది.

మొదటిసారి

ఆ తర్వాతి చలికాలం యూనివర్సిటీ నుంచి ముగ్గురు సభ్యుల కమిటీ వచ్చి కాలేజీ బోర్డు గదిలో కూర్చుంది. మా పేపరును పూర్తి డిగ్రీ చెయ్యాలా వద్దా అన్నది వాళ్లు తేల్చాలి. దీదీకి ఆ రోజు జ్వరం, రాలేదు. ఎస్తేరు సైరన్ కాయితాన్ని పెద్ద చార్టుగా రాసి గోడ పక్కన పట్టుకుని నిలబడింది.

కమిటీ పెద్దాయనకు చార్టు నచ్చింది. దగ్గరికి వెళ్లి చదివి, "ఈ పద్ధతి ఎవరి ఆలోచన?" అని అడిగారు.

ప్రిన్సిపాల్ చక్రవర్తి గారు నా భుజం మీద చెయ్యి వేశారు. "ఇంకెవరు, మా నాయుడుబాబు. రైల్వే కుటుంబం కదా, అనుభవం."

నేను నోరు తెరవడానికి సమయం ఉంది. ఎస్తేరు చార్టు పక్కనుంచి నన్ను చూసింది. కోపంగా కాదు, చెప్తానన్న నమ్మకంతో చూసింది. నేను పెద్దాయనకు నమస్కారం పెట్టాను. డిగ్రీ వస్తే చాలు, పేర్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు అని నాకు నేను చెప్పుకున్నాను.

డిగ్రీ వచ్చింది. సిలబస్‌లో ఫీల్డ్‌వర్క్ పేజీలో నా పేరు అచ్చయింది. దీదీ అది చూసి, "దీన్ని మార్పించు, నాయుడు" అంది. అలాగే అన్నాను. మార్పించలేదు. ఆమె రెండోసారి అడగలేదు.

రెండోసారి

ఎస్తేరు రోజూ లోకల్ బండిలో కలకత్తా వెళ్లివచ్చి సోషియాలజీ ఎమ్మే చేసింది. మా డిగ్రీకి లెక్చరర్ పోస్టు పడితే దరఖాస్తు పెట్టింది. ఇంటర్వ్యూ కూడా ఆ బోర్డు గదిలోనే. బోర్డులో ప్రిన్సిపాల్, బయటినుంచి వచ్చిన ఒక నిపుణుడు, కోర్సు కోఆర్డినేటర్‌గా నేను.

నిపుణుడు దరఖాస్తు తిరగేసి ఆగారు. "సైరన్ పద్ధతి మీరు తయారుచేసినట్టు రాశారు. సిలబస్‌లో నాయుడు గారి పేరుంది."

"నేనే తయారుచేసినాను సార్."

ప్రిన్సిపాల్ నవ్వారు. "పిల్లలు పనిలో సాయం చేస్తారు, తర్వాత అంతా తామే చేశామనుకుంటారు. సహజమే."

"మేస్టారినే అడగండి" అంది ఎస్తేరు.

ముగ్గురూ నా వైపు తిరిగారు. నేను అన్న మాట ఇది: "అందరం కలిసి చేశాం."

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు ఆ మాటను బాగా గుర్తుపెట్టుకోండి. మా సబ్జెక్టులో 'అందరం కలిసి' అన్నది ఎంతో గౌరవమైన మాట. ఒక్కడి గొప్ప కాదు, అందరి శ్రమ అని చెప్పడానికి దాన్ని తెచ్చుకున్నాం. పచ్చి అబద్ధమాడితే ఎవరైనా పట్టుకునేవారు. నేను మా సబ్జెక్టులోని అతి మంచి మాటను తీసుకుని ఒక ఆడపిల్ల పనిని దానితో కప్పెట్టాను. ఇళ్లలో ఆడవాళ్ల పని ఎలా కనబడకుండా పోతుందో క్లాసులో వివరించేవాణ్ణి. బోర్డు గదిలో అదే చేసి చూపించాను.

ఎస్తేరు సర్టిఫికెట్లు సర్దుకుని, "ఠీక్ హై సార్" అని లేచి వెళ్లిపోయింది. పోస్టు వేరేవాళ్లకి పోయింది. ఎస్తేరు ఊళ్లోనే మలంచాలో ఒక చిన్న ప్రైవేటు బడిలో చేరింది. గురువు పని కొట్టేయబోయిన పిల్ల అన్న మాట కాలేజీలో కొన్నేళ్లు తిరిగింది. నేను విన్నప్పుడల్లా వేరే సంగతి ఎత్తేవాణ్ణి.

తెలియని జవాబు

ఆరేళ్లు గడిచాయి. ఒకరోజు క్లాసులో ఒక అమ్మాయి లేచింది. "సార్, 'మీరేం చేస్తున్నారు' అని అడగకుండా 'చేతిలో ఏముంది' అని ఎందుకు పెట్టారు?"

నేను ఏదో పుస్తకాల మాటలు చెప్పాను. ఆ అమ్మాయి మర్యాదగా రాసుకుంది. నాకు జవాబు తెలియదు. నా పేరుతో అచ్చయిన ప్రశ్న, ఏళ్ల తరబడి చెప్తున్నాను, దాన్ని అలా ఎందుకు అడగాలో నాకు తెలియదు.

ఆ సాయంత్రమే సైకిల్ మీద మలంచా వెళ్లాను. బడి అప్పుడే వదిలారు. ఎస్తేరు వరండాలో కూర్చుని పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతోంది. ఆమె పక్కన మా డిగ్రీ విద్యార్థినులు ఇద్దరు ఉన్నారు. నన్ను చూసి గతుక్కుమన్నారు. తర్వాత తెలిసింది, ఫీల్డ్‌వర్క్‌లో ఇబ్బంది వస్తే మా పిల్లలు నా దగ్గరికి కాక ఎస్తేరు దగ్గరికే వెళ్తున్నారని. పంపేది దీదీయేనట.

పిల్లలు వెళ్లాక నేను ఆ ప్రశ్న అడిగాను. ఎస్తేరు పెన్ను మూత పెట్టింది.

"ఏటి సేస్తన్నావంటే మా అమ్మ ఏటీ నేదంటాది. సేతిలో ఏటున్నాదంటే తల దించి సేతులు సూసుకుంటాది. సూసుకున్నాక నేదననేదు. అంతే మేస్టారూ."

ఇంత జరిగాక కూడా ఆమె నన్ను మేస్టారూ అనే పిలిచింది. "నేను నీకు చాలా అన్యాయం చేశాను, మన కాయితం విషయంలో" అన్నాను.

"మన కాయితమేటి?"

"నీ కాయితం" అని దిద్దుకున్నాను.

"ఇక్కడెందుకు సెప్తన్నారు మేస్టారూ? ఇక్కడ నన్నెవరూ దొంగనలేదు. ఈ బళ్లో పిల్లలకి నేను మంచిదాన్నే. అన్నది ఆ గదిలో. సెప్తే అక్కడ సెప్పండి. నేకపోతే టీ తాగెళ్లండి, నాకేటీ కోపం నేదు."

టీ తాగాను. కోపం లేదన్నది నిజమే. ఆమె నన్ను ఎప్పుడో లెక్కలోంచి తీసేసింది. అది కోపం కన్నా కష్టంగా తగిలింది.

ఆ గదిలో

చివరికి ఏమైందో ముందే చెప్పేస్తాను. ఒక్క గదిలో గోడల కోసం పోట్లాడుకున్న మా కోర్సు ఇప్పుడు పూర్తి డిపార్ట్‌మెంట్. దానికి పెద్ద ఎస్తేరు. మా మొదటి బ్యాచ్‌ల అమ్మాయిలు హుగ్లీ జూట్ మిల్లుల వీధుల్లో భోంగా అని పిలిచే మిల్లు సైరన్ మీద, మేదినీపూర్ పల్లెల్లో చేతిపంపు వరస మీద అదే ప్రశ్న అడుగుతున్నారు. సిలబస్‌లో ఆ పేజీలో ఒక్క పేరే ఉంది, నాది కాదు. సింహాచలం చిన్నకూతురు ఆ డిగ్రీ ప్యాసైంది. టీ కొట్టు దగ్గర అతను ఇప్పుడు కొత్తవాళ్లకు సబ్జెక్టు వివరిస్తున్నాడని విన్నాను. తప్పులతోనే అయినా గట్టిగా వివరిస్తాడు.

మేం గెలిచాం. ఈ మాట రాయడానికి నాకు మొహమాటం లేదు. నేను సాయం చెయ్యాల్సినప్పుడు చెయ్యకపోయినా గెలిచాం. ఆ గెలుపును గెలుపని ఇప్పుడు ఒప్పుకోగలుగుతున్నది ఈ కిందది జరగబట్టి.

డిపార్ట్‌మెంట్ కోసం యూనివర్సిటీ కమిటీ మళ్లీ వచ్చింది. అదే బోర్డు గది. చక్రవర్తి గారే ప్రిన్సిపాల్. ఎస్తేరును, సంతోషమ్మ గారిని పిలవాలని నేను పట్టుబట్టాను. ఎందుకని ఆయన అడిగితే, ఫీల్డ్‌వర్క్ గురించి మాట్లాడటానికి అన్నాను. దీదీ ఏమీ అడగలేదు, తన పక్కన రెండు కుర్చీలు వేయించింది.

నా వంతు రాగానే లేచాను. సిలబస్ తెరిచి ఆ పేజీ చూపించి ఇంగ్లీషులో, మినిట్స్‌లో రాసుకునేలా నెమ్మదిగా చెప్పాను. ఈ పద్ధతి నాది కాదు. మొదటి కమిటీ అడిగినప్పుడు నేను మౌనంగా ఉన్నాను. ఇంటర్వ్యూ బోర్డు అడిగినప్పుడు అబద్ధమాడాను. దరఖాస్తులో ఆమె రాసింది అక్షరాలా నిజం.

"నాయుడుబాబు, కూర్చోండి. ఇవన్నీ ఇప్పుడు..." అన్నారు ప్రిన్సిపాల్.

"రాయనివ్వండి, చక్రవర్తి దాదా" అంది దీదీ.

కమిటీలో ఒకామె పెన్ను ఆపి, "కోర్సు నిలబడేదే ఈ పద్ధతి మీద. మీ మాటతో మీ కోఆర్డినేటర్ పదవి పోవచ్చు, తెలుసా?" అంది. తెలుసన్నాను. ఆమె తల వంచి రాసుకుంది.

సంతోషమ్మ గారికి ఇంగ్లీషు రాదు. ఎవరి గురించి మాట్లాడుతున్నారో మాత్రం తెలుస్తోంది. కూతురి వైపు, నా వైపు మార్చి మార్చి చూస్తున్నారు. అందుకని తెలుగులోకి మారాను. నా విద్యార్థినిని అన్నేళ్లూ నువ్వనే పిలిచాను. ఆ రోజు ఆమె కుర్చీ ముందుకు నడిచి వెళ్లి నిలబడ్డాక నువ్వు అన్న మాట నోటికి రాలేదు.

"ఎస్తేరు గారూ, ఆ కాయితం మీది. మొదటి గీత నుంచి ఆఖరి మాట దాకా మీది. నాకది తెలిసి కూడా ఈ గదిలో రెండుసార్లు దాన్ని నాదిగా ఉంచుకున్నాను. మీ అమ్మగారు వింటుండగా చెప్తున్నాను, మీరు అబద్ధమాడలేదు, నేనాడాను. నన్ను క్షమించండి."